భూతద్దంతో చదివే ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ: సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చా?

పుస్తకాల పెట్టె పైభాగాన చిన్న సొరుగు ఉంటుంది. అందులో భూతద్దం ఉండాలి. బెంగళూరు చర్చ్ స్ట్రీట్ వైపు ఒక పాత పుస్తకాల షాపులో నాకు దొరికిన సెట్‌కి సొరుగు ఉంది, భూతద్దం లేదు. ఏదీ అని అడిగితే షాపతను సొరుగు లాగి, లోపల వేలు పెట్టి తడిమి, "బందిద్దే హాగె మేడమ్, తగొళ్ళి" అన్నాడు. వచ్చిందే అలా వచ్చింది, తీసుకోండి అని. ఈ డిక్షనరీకి భూతద్దం లేకపోతే తాళంచెవి లేని బీరువాను ఇంటికి తెచ్చుకున్నట్టే. ఆ మాటే పట్టుకుని బేరం చేశాను. ఆరు వేలు చెప్పినవాడు నాలుగు వేల రెండొందలకు దిగాడు. ఆటోలోకి ఎక్కించడానికి మాత్రం మనిషిని ఇవ్వలేదు.

నేను మాట్లాడుతున్నది ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ కాంపాక్ట్ ఎడిషన్ గురించి. 1971లో వచ్చింది. స్కూల్లో బహుమతిగా ఇచ్చే చిన్న ఆక్స్‌ఫర్డ్ కాదు, ఆ వంశంలో అన్నిటికంటే పెద్దది. దాని మొదటి కూర్పు 1884లో విడి భాగాలుగా రావడం మొదలై 1928కి గానీ పూర్తి కాలేదు. 15,487 పేజీలు, 4,14,825 మాటలు, వాటికి 18,27,306 ఉదాహరణ వాక్యాలు. 1933లో ఒక సప్లిమెంటు చేర్చి మొత్తం 13 సంపుటాలుగా వేశారు. వాటిని పెట్టుకోవాలంటే గోడ కావాలి. అందుకని 1971లో ఆ పేజీలన్నిటినీ ఫొటో తీసి, కుదించి, ఒక్కో కొత్త పేజీలో నాలుగేసి పాత పేజీలు సర్ది, రెండు సంపుటాల్లోకి తెచ్చారు. ఏ నుంచి ఓ దాకా ఒకటి, పీ నుంచి జెడ్ దాకా రెండోది, దాని చివరన సప్లిమెంటు. ఒక్క మాట కూడా తీసెయ్యలేదు. అక్షరం సైజు ఒక్కటే తగ్గింది. ఎంత తగ్గిందంటే, మామూలు కళ్ళతో చూస్తే పేజీ అంతా బూడిద రంగు గీతల్లా ఉంటుంది.

మాది మదనపల్లె. పెళ్ళై బెంగళూరు వచ్చాం, రామమూర్తి నగర్‌లో ఉంటాం. ఇంట్లో కూర్చుని స్కూలు పిల్లల ఇంగ్లిష్ పుస్తకాలకు కాపీ ఎడిటింగ్ చేస్తాను. ఆ పనికి కావలసిన డిక్షనరీలన్నీ కంప్యూటర్లోనే ఉన్నాయి. కాబట్టి ఇది పనికోసం కొన్నది కాదు. మావారు పెట్టె చూసి, "ఫోన్లో కొడితే వచ్చేదానికి ఇంత బరువెందుకు మోసుకొచ్చావ్?" అన్నారు. "ఫోన్లో వచ్చేది అర్థమండీ, ఇందులో ఉండేది చరిత్ర" అన్నాను. ఆయనకేం నచ్చలేదు, పెట్టె మాత్రం లోపలికి మోశారు.

చరిత్ర అన్న మాట ఊరికే వాడలేదు. ఈ డిక్షనరీ ప్రతి మాటకీ దొరికినంతలో మొట్టమొదటి వాడకం ఏ సంవత్సరంలో కనిపించిందో చెప్పి, అక్కడి నుంచి వరసగా శతాబ్దాల వెంట వాక్యాలు ఇచ్చుకుంటూ వస్తుంది. వాడుక పోయిన మాట ముందు, పోయిన అర్థం ముందు చిన్న బాకు గుర్తు వేస్తుంది. సంవత్సరం పక్కన చిన్న 'ఏ' ఉంటే అంతకు ముందని, 'సీ' ఉంటే సుమారుగా అని. ఈ మూడూ తెలిస్తే చాలు, ఒక మాట ఎప్పుడు పుట్టిందో, ఎప్పుడు బలిసిందో, ఎప్పుడు చిక్కిపోయిందో మనమే చూసుకోవచ్చు. అందుకే దీన్ని పరీక్షించడానికి బతికున్న మాటను కాకుండా చచ్చిపోయిన మాటను తీసుకున్నాను. ఆ మాట 'నిమ్'.

దాన్ని నేను ఏరుకోలేదు, ఇంట్లోనే తగిలింది. మా చెల్లెలి కొడుకు మా దగ్గరే ఉండి, జర్మనీలో ఎమ్మెస్ చెయ్యాలని ఇందిరానగర్‌లో జర్మన్ క్లాసుకు పోతున్నాడు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో "నేమన్, నామ్, గెనోమన్" అని బట్టీ పడుతుంటాడు. తీసుకోవడం అనే క్రియకు రూపాలవి. 'నిమ్' అంటే తీసుకో. ఒకరోజు, "ఇంగ్లిషూ జర్మనూ ఒకే తల్లి పిల్లలని అంటావు గదా పెద్దమ్మా, మరి నేమన్ ఎక్కడ, టేక్ ఎక్కడ? రెంటికీ పోలికే లేదే" అన్నాడు. వాడి సందేహంలో న్యాయం ఉంది. గో, కమ్, డ్రింక్, సింగ్, గివ్ లాంటి రోజువారీ క్రియలు చాలావరకు రెండు భాషల్లోనూ కలుస్తాయి. రోజుకు వందసార్లు వాడే టేక్ ఎందుకు కలవదు?

ఎందుకంటే టేక్ పుట్టింటి మాట కాదు. పాత ఇంగ్లిష్‌లో తీసుకోవడానికి మామూలు క్రియ 'నిమన్'. నిమన్, నామ్, నుమెన్. మావాడు బట్టీ పట్టే జర్మన్ రూపాల పక్కన పెట్టి చదివితే ఏది ఏ భాషో ఒక్క క్షణం తడబడతాం. డిక్షనరీలో 'నిమ్' తెరిస్తే అర్థం కంటే ముందే చుట్టాల వరస కనబడుతుంది. గోతిక్ (ఇప్పుడు లేని ఒక పాత చుట్టం), పాత నార్స్, జర్మన్, అందరి ఇళ్ళల్లోనూ ఇదే క్రియ ఉంది. అంత పెద్ద కుటుంబం ఉన్న మాట ఇంగ్లిష్ ఇంట్లోంచి ఎలా వెళ్ళిపోయిందనేదే కథ.

9వ శతాబ్దంలో వైకింగులు, అంటే స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళు, ఇంగ్లండ్ మీద పడ్డారు. ముందు దోచుకున్నారు, తర్వాత ఉత్తరాన, తూర్పున భూములు పట్టుకుని సేద్యం చేసుకుంటూ అక్కడే ఉండిపోయారు. వాళ్ళ నార్స్ భాషకీ, స్థానికుల ఇంగ్లిష్‌కీ మరీ దూరం లేదు. మన సరిహద్దు ఊళ్ళలో తెలుగూ కన్నడమూ మాట్లాడేవాళ్ళు బేరాలాడుకోవడానికి ఎవరి సాయమూ అడగరు కదా, వాళ్ళకూ అంతకంటే సులువుగానే జరిగిపోయి ఉంటుంది. సంతలు కలిశాయి, ఇళ్ళు కలిశాయి, పెళ్ళిళ్ళు జరిగాయి. ఆ కలయికలో నార్స్ నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాటలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఎగ్, స్కై, నైఫ్, విండో, లా. చివరికి దే, దెమ్, దెయిర్ అనే సర్వనామాలు కూడా. సర్వనామాలు అప్పు తెచ్చుకునే భాషలు ఎన్నుంటాయి! హజ్బెండ్ కూడా అక్కణ్ణుంచి వచ్చిందే. ఇది మావారికి చదివి వినిపించాను, "అప్పు తెచ్చుకున్నదైనా బాగానే పనిచేస్తోంది కదా" అన్నారు.

ఆ గుంపులోనే నార్స్ 'తాకా' వచ్చింది. పట్టుకోవడం, చేజిక్కించుకోవడం దాని అర్థం. చిత్రమేమిటంటే నార్స్‌లో 'నేమా' కూడా ఉంది, అంటే నిమన్‌కి సొంత చెల్లెలు. వచ్చినవాళ్ళ దగ్గర రెండు క్రియలుంటే, తమ దగ్గర లేని దాన్నే ఇంగ్లిష్ వాళ్ళు తీసుకున్నారు. 11వ శతాబ్దపు చివరి రాతల్లో ఇది కనిపించడం మొదలై, తర్వాత రెండు మూడు వందల ఏళ్ళు రెండూ పక్కపక్కనే బతికాయి. ఉత్తరాదిలో టేక్ త్వరగా గెలిచింది. దక్షిణాన నిమ్ మొండిగా నిలబడింది. 1340లో క్యాంటర్‌బరీ మఠంలో ఒక సన్యాసి ఫ్రెంచి నుంచి అనువదించిన గ్రంథంలో ఇంకా నిమ్‌దే రాజ్యం. 1500 వచ్చేసరికి మాత్రం మామూలు రాతల్లోంచి అది తప్పుకుంది.

ఇదంతా ఎక్కడో వ్యాసంలోనూ చదవొచ్చు. ఈ డిక్షనరీలో చదివితే వచ్చే తేడా ఏమిటంటే, ఎవరూ మనకు కథ చెప్పరు. భూతద్దాన్ని కాలమ్ మీద పైనుంచి కిందికి జరుపుతూ పోతే మొదట్లో దట్టంగా ఉన్న వాక్యాలు పోనుపోను పలచబడతాయి. 1600 ప్రాంతంలో మళ్ళీ కనిపిస్తాయి, కానీ ఈసారి మనిషి మారిపోయాడు. గౌరవంగా తీసుకునే నిమ్ కాదు, దొంగతనంగా తీసుకునే నిమ్. తీసుకోవడం అనే ఉద్యోగం టేక్ లాగేసుకుంటే, పాత మాట వీధిన పడి జేబులు కొట్టడం మొదలెట్టింది.

నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. 1599 ప్రాంతంలో షేక్‌స్పియర్ రాసిన ఐదో హెన్రీ నాటకంలో ఒక చిల్లర సైనికుడున్నాడు, పేరు కార్పొరల్ నిమ్. ఆనాటి ప్రేక్షకుడికి ఆ పేరు వినగానే నవ్వొచ్చి ఉండాలి, మన సినిమాలో కానిస్టేబుల్‌కి లంచాలరావు అని పెట్టినట్టే. ఈ నిమ్, అతని తోటి సైనికుల వెంట తిరిగే కుర్రాడు ఒకచోట అంటాడు: వీళ్ళు ఏదైనా దొంగిలిస్తారు, దానికి 'పర్చేజ్' అని పేరు పెడతారు. చివరికి ఈ నిమ్‌ని ఉరితీశారని కూడా ఆ కుర్రాడి నోటే తెలుస్తుంది. 1660ల నాటి ఒక వ్యంగ్య కావ్యంలో జ్యోతిష్కుల మీద ఎగతాళి ఉంది. కుజుణ్ణి పిలిచి విచారించి, ఆయన వాలకాన్ని బట్టి అంగీ ఎవరు 'నిమ్' చేశారో కనిపెట్టేస్తారట. మాట మారింది గానీ మన ఊళ్ళో అంజనం వేసేవాళ్ళ కథే.

ఆ 'పర్చేజ్' దగ్గర ఆగిపోయి, లేచి వెళ్ళి బ్రౌన్ దొర నిఘంటువు తెచ్చాను. 1852లో మద్రాసులో అచ్చయిన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువుకు మా ఇంట్లో రీప్రింటు ఉంది. (బ్రౌన్ లండన్‌లో పోయింది 1884లో, అంటే ఈ ఆక్స్‌ఫర్డ్ మొదటి భాగం బయటికొచ్చిన ఏడాదే.) చూసింది 'కొను' అనే మాట. ఇవాళ కొనడమంటే డబ్బిచ్చి తీసుకోవడం. పాత తెలుగులో కొను అంటే ఉత్త తీసుకోవడమే. కొనిపోవు అంటే తీసుకెళ్ళు, కొనివచ్చు అంటే తీసుకురా. గైకొను, చేకొను, తోడ్కొను. డబ్బు సంగతి చెప్పాలంటే 'వెలకు కొను' అని విడిగా చెప్పుకునేవాళ్ళు. రాను రాను వెల అనే మాట రాలిపోయింది, డబ్బు మాత్రం కొనుకు అంటుకుని ఉండిపోయింది.

కానీ మన కొను చావలేదు. తీసుకో, చేసుకో, పెట్టుకో, వీటి చివర ఉన్న 'కో' అదే. షాపతను అన్న తగొళ్ళిలో ఉన్న 'కొళ్ళు', చెన్నైలో వినిపించే ఎడుత్తుక్కోలో ఉన్న 'కో', అన్నీ ఒకే మూలం. ఒంటరిగా నిలబడే చోట అర్థం మారిపోయినా, ఇంకో క్రియ చెయ్యి పట్టుకుని మనం మాట్లాడే ప్రతి రెండో వాక్యంలో పాత కొను పనిచేస్తూనే ఉంది. నిమ్‌కి ఆ అదృష్టం లేదు. ఇంగ్లిష్‌లో దానికి పట్టుకోవడానికి వేరే క్రియ చెయ్యి దొరకలేదు.

దొరికిందల్లా రెండు మూడు మాటల్లో దాక్కునే చోటు. 'నమ్', అంటే తిమ్మిరెక్కిన, స్పర్శ పోయిన. అది నిమ్‌కి పాత భూతకృదంతం (పాస్ట్ పార్టిసిపుల్) 'నుమెన్'. చలో వాతమో 'తీసేసుకున్న' చెయ్యి అని. మనం తిమ్మిరి పట్టింది, పక్షవాతం పట్టింది, చలి పట్టింది అనమూ? అదే చూపు. 'బినమ్' కూడా ఆ ఇంటిదే. 'నింబుల్' అంటే చురుకైన, మొదట్లో చటుక్కున అందుకోగల అని. నింబుల్‌లో పలికే 'బీ', నమ్ చివర పలకని 'బీ', రెండూ మొదట లేవు, తర్వాత వచ్చి చేరినవే. స్పెల్లింగులో ఆ పలకని బీ దగ్గర పిల్లలు తప్పు చేస్తే నేను ఎర్ర గీత పెట్టడం మానను గానీ, ఇప్పుడు కాస్త జాలిగా పెడుతున్నాను.

ఈ ఊళ్ళో కోడింగ్ ఇంటర్వ్యూలకు తయారైన ప్రతివాడికీ ఇంకో నిమ్ తెలుసు. అగ్గిపుల్లల కుప్పలు రెండో మూడో పెట్టుకుని, వంతు వచ్చినప్పుడు ఏదో ఒక కుప్పలోంచి ఎన్నైనా తీసుకోవచ్చు, ఆఖరి పుల్ల తీసినవాడు గెలుస్తాడు. 1901లో హార్వర్డ్ గణితాచార్యుడు చార్లెస్ బూటన్ ఈ ఆటకు పూర్తి లెక్క కట్టి, నిమ్ అని పేరు పెట్టాడు. కుప్పల్లోని సంఖ్యలను బైనరీలో రాసి, ఒక్కో స్థానంలో ఉన్న ఒకట్లు సరో బేసో చూస్తే గెలుపెవరిదో ముందే తేలిపోతుంది. బూటన్ జర్మనీలో లైప్‌జిగ్‌లో చదువుకున్నవాడు, కాబట్టి అది జర్మన్ 'నిమ్' అనేవాళ్ళున్నారు, పాత ఇంగ్లిష్ నిమ్ అనేవాళ్ళూ ఉన్నారు. మావాడు మొదటిదంటాడు. నాకు రెండోదైతే బాగుండనిపిస్తుంది, కారణమేమీ లేదు. ఎవరి నిమ్ అయినా తాత ఒకడే.

ఇక వాడకం సంగతులు. ముందు బల్ల చూసుకోండి. నిమ్ మొదటి సంపుటంలో ఉంది, టేక్ రెండోదాంట్లో. రెండూ పక్కపక్కన తెరిస్తే మా డైనింగ్ టేబుల్ మీద చట్నీ గిన్నెకు కూడా చోటు మిగల్లేదు. ఒక్కో సంపుటాన్ని ఒళ్ళో పెట్టుకుని చదవడం కుదరని పని. పైగా కుట్టు పాతబడి ఉంటుంది కాబట్టి అలా చదివితే వెన్ను విరుగుతుంది, పుస్తకానికైనా మనకైనా. కాగితం పలచన, కానీ వెనక పేజీ అక్షరాలు ఇటువైపు పెద్దగా కనిపించవు. అచ్చు కుదించినా ఎక్కడా మసక లేదు. 'టేక్' దగ్గరకొస్తే కాలమ్‌ల మీద కాలమ్‌లు, అదీ నాలుగు పేజీలు ఒక పేజీలో కుక్కాక. అంత చదివే ఓపిక నాకు లేదు, దాని పుట్టుక వరకే చూశాను.

భూతద్దం విషయంలో ఖర్చుకు వెనకాడొద్దు. స్టేషనరీ షాపులో దొరికే పిడి ఉన్న అద్దం పది నిమిషాలకే చెయ్యి లాగేస్తుంది, అంచుల దగ్గర అక్షరాలు వంకర్లు పోతాయి. నేను ఎస్పీ రోడ్డులో, మొబైల్ రిపేరు వాళ్ళు వాడే స్టాండు అద్దం కొన్నాను. చుట్టూ ఎల్‌ఈడీ లైటు, కింద బరువైన కాలు. దాన్ని పేజీ మీదికి వంచి రెండు చేతులూ ఖాళీగా పెట్టుకోవచ్చు. తొమ్మిది వందలు పడింది, పెట్టెలో రావలసిన అద్దం కంటే ఇదే మేలని నా నమ్మకం. ఫోన్ కెమెరాతో జూమ్ చేసి చదవడమూ పనిచేస్తుంది, కాకపోతే ఒక కాలమ్ పూర్తయ్యేసరికి ఏ వరసలో ఉన్నామో పోగొట్టుకుంటాం. ఫొటోలోంచి అక్షరాలు తీసే యాప్‌లు పాత వాక్యాల దగ్గర చేతులెత్తేస్తాయి. 'థోర్న్' అనే పాత అక్షరం ఉంటుంది, చిన్న 'పీ'కి పైన కూడా కొమ్ము మొలిచినట్టు. యాప్ దాన్ని పీ అనుకుంటుంది, దాంతో వాక్యమంతా పాడు.

ఉచ్చారణ కోసం దీన్ని కొనేవాళ్ళు ఆగండి. ఇందులో ఉన్నది ఇవాళ డిక్షనరీల్లో కనిపించే గుర్తులు కావు, ప్రధాన సంపాదకుడు జేమ్స్ మర్రే సొంతంగా తయారుచేసుకున్న పద్ధతి. అది నేర్చుకోవడం ఇంకో కోర్సు. కొత్త మాటల కోసమైతే అసలు వద్దు. ఇందులో 'కంప్యూటర్' అంటే లెక్కలు కట్టే మనిషి, ఖగోళశాలలోనో సర్వేలోనో ఆ పనికి పెట్టుకున్న ఉద్యోగి. బెంగళూరులో కూర్చుని ఈ అర్థం చదవడం ఒక వినోదం. మన వైపు నుంచి వెళ్ళిన మాటలు వెతకడం ఇంకో వినోదం. 'బ్యాండికూట్' తెరవండి, అది మన పందికొక్కే అని తెలుగు పేరు చెప్పి మరీ రాశారు. మావాడు ఆ పేజీ ఫొటో తీసి ఇంటి గ్రూపులో పెడితే, నిమ్ గురించి నేను పెట్టిన పెద్ద మెసేజ్‌కి రాని హార్టులన్నీ దానికొచ్చాయి.

ఇంత పనీ చేసింది జీతగాళ్ళు మాత్రమే కాదు. 1879లో మర్రే పత్రికల ద్వారా, కరపత్రాల ద్వారా పాఠకులను సాయం అడిగాడు: మీరు చదివే పుస్తకాల్లో కనబడ్డ వాక్యాలను చీటీల మీద రాసి పంపండని. లక్షల కొద్దీ చీటీలు వచ్చాయి. వాళ్ళలో ఫిట్జ్ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ గురించి మనకు ఎవరూ చెప్పరు. ఓడ మునిగి బెంగాల్ తీరాన పడి, కాశీలో సంస్కృతం చదువు చెప్పి, చివరికి ఇంగ్లండ్‌లో ఒక పల్లెలో ఒంటరిగా ఉంటూ ఏళ్ళ తరబడి రోజూ గంటలకొద్దీ ఈ డిక్షనరీ ప్రూఫులు దిద్దాడు, పైసా తీసుకోకుండా. ప్రూఫులు దిద్దే పని నాది కాబట్టి ఆయన మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. నిమ్ ఉన్న 'ఎన్' అక్షరం సంపాదకుడు విలియమ్ క్రేగీ, స్కాట్లండ్ మనిషి, నార్స్, ఐస్‌లాండిక్ బాగా తెలిసినవాడు. టేక్ ఉన్న 'టీ' మర్రే స్వయంగా చూశాడు. ఓడిపోయిన క్రియకు వైకింగుల భాష తెలిసినవాడు దొరకడం కాకతాళీయమే అయినా నాకు నచ్చింది.

ఇదే డబ్బుకు వేరేవి కొనొచ్చా అంటే, మూడు దారులున్నాయి. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన రెండో కూర్పుకు 1991లో ఒకే సంపుటంగా కాంపాక్ట్ వేశారు. అందులో ఒక పేజీలో తొమ్మిది పేజీలు కుక్కారు. కొత్త మాటలు కావాలనుకునేవాళ్ళకు అదే సరైనది గానీ, నలభై దాటిన కళ్ళతో నాలుగు పేజీలే ఎక్కువ, తొమ్మిది వద్దు. రెండోది, రెండు సంపుటాల షార్టర్ ఆక్స్‌ఫర్డ్. మామూలు సైజు అచ్చు, భూతద్దం అక్కర్లేదు. అయితే అది ప్రధానంగా 1700 తర్వాతి భాషకు చేసింది, దానికి ముందటివారిలో షేక్‌స్పియర్, మిల్టన్ లాంటివాళ్ళకే చోటు. 1340 నాటి సన్యాసి అందులో ఉండడు. మూడోది ఆన్‌లైన్, 2000 నుంచి నడుస్తోంది, ఏడాది చందా కట్టాలి. దాని సవరణ 'ఎం' అక్షరం నుంచి మొదలుపెట్టారు, కాబట్టి 'ఎన్' మాటలు తొలి విడతల్లోనే కొత్త చూపు పొందాయి. కచ్చితమైన తేదీలు కావాలంటే, పరిశోధన రాస్తుంటే ఆన్‌లైన్ తీసుకోండి. పాత పుస్తకంలో ఉన్న "మొదటి వాడకం" సంవత్సరాలు చాలావాటికి ఇప్పుడు వెనక్కి జరిగాయి, అది మరిచిపోయి ఎక్కడా ఉటంకించకండి. నేను చందా కట్టలేదు. తెరమీద అడిగిన మాటే కనబడుతుంది. ఇక్కడ నిమ్ కోసం వెళ్ళి, పక్క కాలమ్‌లో నింబుల్ తగిలి, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో పోతాం. నాలుగు పాత పేజీలు ఒకేసారి కళ్ళముందుంటాయి మరి.

ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి అక్షరం సైజుకు కాదు, అది తెలిసి కొన్నదే. ఉదాహరణ వాక్యం ఏ పుస్తకంలోదో మరీ పొట్టి సంకేతాల్లో ఇచ్చారు, ప్రతిసారీ చివరి గ్రంథసూచికి పరిగెత్తాలి, అదేమో రెండో సంపుటంలో ఉంటుంది.

మన ఊరి తేమకు ఈ కాగితం పాడవుతుంది. వానాకాలంలో పెట్టెలో బిగించి పెట్టకండి, బయటికి తీసి అరలో నిలబెట్టండి. నా సెట్ వెన్ను దగ్గర వెండి పురుగులు కొంచెం కొరికాయి, అవి నాతోపాటే షాపు నుంచి వచ్చాయని అనుమానం. ఎండు వేపాకు పెట్టాను. "నిమ్‌కి నీమ్ వైద్యమా పెద్దమ్మా" అన్నాడు మావాడు. వాడికి జర్మన్ కంటే ఇలాంటివి బాగా వస్తాయి.

కొనడానికి వెళ్ళేవాళ్ళు అక్కడే చూసుకోవలసినవి కొన్ని చెప్తాను. రెండు సంపుటాల వెన్నులూ ఒకే ముద్రణవేనా చూడండి, వేరువేరు సెట్ల నుంచి జత కలిపి అమ్ముతున్నారు. ఓ అక్షరం చివరి పేజీలు, అంటే మొదటి సంపుటం ఆఖర్న ఊడిపోయి ఉంటాయి, బరువంతా అక్కడే పడుతుంది. మూడో సంపుటం అని ఒకటి విడిగా 1987లో వచ్చింది, తర్వాతి నాలుగు సప్లిమెంట్లను కుదించింది. అది లేకపోయినా సెట్ అసంపూర్ణం కాదు, దానికోసం ధర పెంచితే ఒప్పుకోవద్దు. రెండో సంపుటం చివర 1933 సప్లిమెంటు ఉందో లేదో మాత్రం తప్పకుండా చూడండి. అందులో 'బాండ్‌మెయిడ్' అనే మాట వెతకండి, అంటే దాసీ. మొదటి కూర్పులో ఆ మాట లేదు, దాని చీటీలు ఎక్కడో పడిపోయి మర్రే కళ్ళబడకుండానే సంపుటం అచ్చయిపోయింది. అది కనిపిస్తే సప్లిమెంటు ఉన్నట్టే, బేరం మొదలెట్టొచ్చు.